చిన్నోడికి మోటారు లేదు

ఆ రోజు నుస్రత్ వాళ్ళ ఇంట్లో ఉన్నదెవరంటే, ముందు గదిలో నాన్న అబ్దుల్ రవూఫ్, అన్న ఇష్తియాక్, విజయవాడ నుంచి కెమెరాలు తెచ్చిన బసవపున్నయ్య. వెనక గదిలో మేనత్త కూతురు ఇఫ్రా, ఆమె చేతులకి గోరింటాకు పెడుతున్న అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఓ పదిమంది. రెండు గదుల మధ్య తలుపు దగ్గర, పరదా ఇవతల, ముక్కాలిపీట మీద దాదీ మెహబూబ్ బీ. ఆ పరదా పట్టుకుని, అటూ ఇటూ కాకుండా నుస్రత్.

మర్నాడు ఇఫ్రా నిఖా. అందుకని ఉయ్యూరులోని ఫొటో స్టూడియోకి రవూఫ్ ఆ పూట తాళం వేశాడు. రీళ్ళు కడిగే ల్యాబులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి కాబట్టి డిజిటల్ కెమెరా కొనక తప్పదని ఏడాదిగా అనుకుంటున్నదే. బసవపున్నయ్య ఒకే కంపెనీవి మూడు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. మోడల్ నంబర్లు చెప్తే రవూఫ్‌కి కలగాపులగం అవుతున్నాయని వాటికి వరసలు కట్టాడు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. పెద్దోడిది ఇనప కాయం, దుమ్ము పడ్డా లెక్కచెయ్యడు, కానీ బరువు. నడిపోడు నమ్మకస్తుడు, నాలుగేళ్ళుగా అందరి దగ్గరా ఉన్నాడు. చిన్నోడు ఈ నెలలోనే వచ్చాడు, తేలిక, పది మెగాపిక్సెల్స్, నడిపోడికి ఆరే.

దాదీకి చెవి కొంచెం మందం. ముగ్గురన్నదమ్ముల సంగతి కాసేపు విని, మనవరాలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"నీకు పెద్దోడు వద్దు. బరువంటున్నాడు కదా, వాడి సంపాదన వాడి తిండికే చాలదు" అంది రహస్యంగా.

నుస్రత్‌కి నవ్వొచ్చింది గాని, కాదని చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం ఆమెకి కొత్త కాదు. ఊరి హైస్కూల్లో ఆమె "ప్రెజెంట్ సార్" అన్నది వినపడక రెండుసార్లు ఆబ్సెంటు పడింది. చెప్పలేనివన్నీ ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీలో రాసుకునేది.

మూడు రోజుల కిందట బసవపున్నయ్య పంపిన, ఈ కెమెరాల ఇంగ్లీషు పుస్తకాలని ఇష్తియాక్ టీవీ కింద పడేస్తే, ఆమె డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదివింది. డైరీలో మూడు గడులు గీసి మూడింటి గుణాలూ రాసింది. ఎన్ని గడులు గీసినా ఆమె మనసు చిన్నదాని మీదే ఉంది. ఆమె చేతిలో ఇమిడేది అదొక్కటే. మిగిలిన రెంటినీ అన్న ముట్టనివ్వడు. తమవాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి ఫొటోగ్రాఫరు వెళ్ళడు. గోరింటాకు, పసుపు, పెళ్ళికూతురి ముస్తాబు, ఇవేవీ ఆల్బంలో ఉండవు. అవి తను తియ్యాలని వేసవి సెలవులంతా నాన్న పాత కెమెరాని, రీలు లేకుండానే, ముంత నుంచి మునక్కాయ దాకా అన్నిటి మీదా తిప్పి చూసింది.

బసవపున్నయ్య రవూఫ్ పాత లెన్సు తీసి చిన్నోడికి తగిలించాడు. టక్కున కూర్చుంది. రవూఫ్ ముఖం విచ్చుకుంది. ఇరవై ఏళ్ళుగా కూడబెట్టిన లెన్సులు పనికొస్తాయంటే ఇంక చూసేదేముంది, ఇదే ఖాయం చేద్దాం, రేపు నిఖా దీంతోనే తీద్దాం అన్నాడు.

నుస్రత్ కోరుకున్నదే జరుగుతోంది. ఆమె నోరు మూసుకుంటే చాలు. కానీ డైరీలో మూడో గడి అడుగున, తను రాసి కింద గీత గీసిన వాక్యం ఒకటుంది. ఆ లెన్సులు చిన్నోడికి పడతాయి గాని ఫోకస్ తనంతట తాను చేసుకోడు, చేత్తో తిప్పాలి. షుగరు వచ్చినప్పటినుంచి నాన్నకి చూపు ఆనడం లేదు. రేపు ఇఫ్రా పెళ్ళి ఫొటోలన్నీ అలుక్కుపోతాయి. ఒకసారి తీసిన నిఖా మళ్ళీ చదివించరు.

డైరీ తెచ్చి నాన్న ముందు తెరిచి పెట్టింది.

"అబ్బాజాన్, చిన్నోడికి మోటారు లేదు."

గదిలో ఎవరూ మాట్లాడకముందే దాదీ అందుకుంది. "మోటారు సైకిలు లేకపోతే ఏమయిందే? ఆర్టీసీ బస్సులు లేవా? కుర్రాడు బుద్ధిమంతుడైతే చాలు."

బసవపున్నయ్య టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఇష్తియాక్ మాత్రం, ఇంగ్లీషులో ముప్పై ఆరు మార్కులవాళ్ళు చదివి చెప్పారు, మనం వినాలి అని వెటకారం చేశాడు. బసవపున్నయ్య పుస్తకం తిరగేసి చూసి, ఇది తనకీ తెలీదని, తమ కొట్లో ఎవరూ చెప్పలేదని ఒప్పుకున్నాడు. నడిపోడికైతే మోటారు లోపలే ఉంది, ఆ లెన్సుని వాడే తిప్పుకుంటాడు అన్నాడు.

రవూఫ్ చిన్నోణ్ణి కంటికి పెట్టుకుని, తిప్పి తిప్పి, ఎదురుగా గోడ క్యాలెండరుని తీశాడు. వెనక తెరలో అంకెలు నీళ్ళలో మునిగినట్టున్నాయి. కెమెరాని కూతురి చేతికిచ్చాడు. ఆమె రెండు వేళ్ళతో లెన్సుని అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పి నొక్కింది. క్యాలెండరులో అమావాస్య గుర్తు కూడా కనపడింది.

ఇష్తియాక్ ఊరుకోలేదు. బారాత్‌లో జనం తోసుకుంటుంటే చేత్తో తిప్పుకుంటూ కూర్చుంటామా, నడిపోణ్ణే తీసుకుందాం అన్నాడు. రవూఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బారాత్ తియ్యడానికి ఉయ్యూరులో మనం కాక ముగ్గురున్నారు. లోపలి గదిలో తియ్యడానికి ఒక్కళ్ళూ లేరు" అన్నాడు. "పున్నయ్య గారూ, మీ బస్సుకి ఇంకా గంటుంది. అమ్మాయి లోపల ఓ పది ఫొటోలు తీసుకొస్తుంది. అవి చూసి, ఏది ఉంచాలో చెప్తానండీ."

నుస్రత్ కెమెరా పట్టీ మెడలో వేసుకుంది. ఆమె వెంట ఇష్తియాక్ కూడా, దానికి ఫ్లాష్ మీట ఎక్కడుందో చూపిస్తానంటూ తలుపు దాకా వచ్చాడు.

దాదీ పీట మీద నుంచి లేచి అడ్డం నిలబడింది. మనవరాలి మెడలో ఉన్నదాన్ని వేలితో తాకి చూసింది.

"ఇతనేనా చిన్నోడు?"

"అవును దాదీ."

"మగాళ్ళు లోపలికి రాకూడదు" అంది దాదీ ఇష్తియాక్‌తో. "ఈ చిన్నోడొక్కడే రావచ్చు."

నుస్రత్‌ని వీపు మీద చెయ్యి వేసి గోరింటాకు వాసనలోకి తోసి, తలుపు మూసేసింది.