మేఘవతి రాజ్యంలో నాలుగో క్లాజు

మేఘవతి రాజ్యం ఏ మ్యాపులోనూ ఉండదు. అమెరికాలో, రెడ్‌మండ్ ఊళ్ళో విశ్వనాథ్ ఇంటి హాల్లో, శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మాత్రం ఉంటుంది. నాలుగేళ్ళ కిందట, వాన వదలని ఒక శనివారం, గ్రీన్‌కార్డు కబుర్లు చెప్పుకుని చెప్పుకుని విసుగెత్తిన ఆరుగురు స్నేహితులు దాన్ని కనిపెట్టారు. మనల్ని గడప దగ్గరే నిలబెట్టిన దేశం కోసం ఏడవడం దేనికి, మనకే ఒకటుంటే పోలా అనుకున్నారు. రాజు లేడు, ఆరుగురూ ప్రభువులే. డైనింగ్ టేబుల్‌కి కుర్చీలు ఆరే కాబట్టి పీఠాలూ ఆరే.

అందరిలోకీ పెద్ద ప్రభువు విశ్వనాథ్. ఆఫీసులో మేనేజర్ మెసేజ్ పెడితే చాలు గుండె దడదడలాడే మనిషి, ఇక్కడ పదిహేడు పరగణాలకు అధిపతి. అలాగని దుర్మార్గుడు కాడు, సంస్కర్త. ప్రభువులకు వంగి దండం పెట్టే ఆచారాన్ని మొదటి ఏడాదే రద్దు చేశాడు. రెండో ఏడాది తన అడవులన్నీ అడవిలో బతికేవాళ్ళకి రాసిచ్చేశాడు. మూడో ఏడాది పరగణాలు కౌలు రైతులకు పంచేశాడు. అడవులూ లేవు, రైతులూ లేరు. అయినా పంచిన రోజున అతని కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం.

ఆ ప్రసంగాలన్నీ దిద్దిపెట్టింది అతని భార్య విజయశ్రీ. ఖమ్మంలో జూనియర్ కాలేజీ పిల్లలకు సివిక్స్ చెప్పిన మనిషి. ఇక్కడికొచ్చాక మొదట డిపెండెంట్ వీసా ఆమెను ఉద్యోగం చెయ్యనివ్వలేదు. చెయ్యనిచ్చేసరికి ఆమె సివిక్స్ ఎవరికీ అక్కర్లేకపోయింది. శనివారాలు సభకు టీలూ బజ్జీలూ అందిస్తూ, వంటింట్లోంచి రాజ్య వ్యవహారాలు వినేది.

ఆ శనివారం పొద్దున ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ, ఈసారి నన్నూ చేర్చండి. వంటింట్లోంచి వినీ వినీ విసుగొచ్చింది. నాకూ మాట్లాడాలనుంది."

"తప్పకుండా విజయా! ఇవాళ నేను పెట్టే బిల్లే అది. వెయిటింగ్ లేదు, లాటరీ లేదు. అందరికీ పౌరసత్వం!" అన్నాడు విశ్వనాథ్. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం, అబద్ధాలాడే మనిషి కాడు.

విజయశ్రీ ఒకప్పుడు కాలేజీకి కట్టుకెళ్ళిన నేత చీర తీసి కట్టుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మూడింటికి సభ మొదలైంది. స్పీకరు కొండల్ రావు గారు. ప్రభువుల్లో చిన్నవాడైన అవినాష్‌కి తండ్రి. తహసీల్దారుగా రిటైరై, ఆర్నెల్లు ఉండి పోదామని కొడుకు దగ్గరికి వచ్చాడు. ఈ ఆట ఆయనకు ఆట కాదు. పొడుగాటి నోటు పుస్తకంలో ప్రతి తీర్మానం రాసి, కింద గీత గీసి సంతకాలు పెట్టిస్తాడు.

విశ్వనాథ్ లేచి బిల్లు చదివాడు. మొదటి మూడు క్లాజులకు చప్పట్లు మోగాయి. నాలుగోది అదే ఊపులో చదివేశాడు: ఇంటికి ఒక్కరే పౌరుడు. ఆ పౌరుడి భార్య గానీ భర్త గానీ డిపెండెంట్. రాజ్యంలో నివసించవచ్చు. సభలో మాట్లాడరాదు. ఓటు లేదు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. పదిహేనేళ్ళుగా వీసా ఫారాలు నింపీ నింపీ ఆ వాక్యం వాళ్ళ వేళ్ళకు అలవాటైపోయింది. ఆరు చేతులూ లేచాయి. బిల్లు పాసైంది.

గుమ్మంలో బజ్జీల పళ్ళెంతో విజయశ్రీ నిలబడి ఉంది.

"కల్పించుకున్న దేశంలో కూడా నేను డిపెండెంటేనా?" అంది.

"అది ఫార్మాట్ విజయా. ఏ దేశంలోనైనా అలాగే ఉంటుంది."

"ఏ దేశం సంగతో నాకెందుకండీ? ఇది మీరు రాసుకున్నదే కదా."

అవినాష్ సర్దబోయాడు. "వదినా, నీకు మహారాణి టైటిల్ ఇచ్చేద్దాం. రేపే అనౌన్స్ చేసేద్దాం."

"టైటిల్ వద్దు అవినాష్. కుర్చీ కావాలి."

లేని పరగణాలు పదిహేడు పంచినప్పుడు రాని ఇబ్బంది, ఉన్న కుర్చీ ఒక్కటి అడిగేసరికి సభకు వచ్చిపడింది. విశ్వనాథ్ గొంతు సవరించుకున్నాడు.

"నీ అప్లికేషన్ ప్రాసెసింగ్‌లో పెడదాం. వచ్చే సమావేశంలో చర్చిద్దాం."

అన్నాక గానీ ఆ మాట ఎవరిదో అతనికి గుర్తు రాలేదు. పదిహేనేళ్ళుగా ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర తను వింటున్న మాట. విన్నప్పుడల్లా ఇంటికొచ్చి తిట్టుకున్న మాట. అతనికి నిజంగా సిగ్గేసింది. సిగ్గు వెనకే పాత అలవాటు కొద్దీ అతనిలోని పెద్ద ప్రభువు కూడా లేచి నిలబడ్డాడు.

"సభ్యులారా! నా పీఠాన్ని నా భార్య కోసం త్యాగం చేస్తున్నాను!"

వద్దు వద్దని మిగతా ప్రభువులు బతిమాలతారని ఒక క్షణం ఆగాడు. ఐదుగురూ చప్పట్లు కొట్టారు.

కొండల్ రావు గారు అప్పటికే రాసేశాడు. "ఇంటికి ఒక్కటే సీటు గద. మీ పేరు మీదికెళ్ళి అమ్మ పేరు మీదికి మార్చిన. ఇగ సంతకం పెట్టున్రి."

విశ్వనాథ్ సంతకం పెట్టాడు. విజయశ్రీ పళ్ళెం బల్ల మీద పెట్టి, చీర సర్దుకుని, కుర్చీలో కూర్చుంది. నాలుగేళ్ళలో సభ జరుగుతుండగా ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదలు.

విశ్వనాథ్ నిలబడే ఉన్నాడు. "ఆ నాలుగో క్లాజుకి నాదొక చిన్న సవరణ..." అంటూ మొదలెట్టాడు.

స్పీకరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "డిపెండెంట్లు సభల మాట్లాడొద్దు సార్. మీరు రాసిందే."

విశ్వనాథ్ భార్య వైపు చూశాడు. ఆమె నోటు పుస్తకం తన ముందుకు లాక్కుని, క్లాసులో అటెండెన్స్ తీసుకునేటప్పటి ముఖం పెట్టింది.

"సవరణ మంచిదేనండీ. వచ్చే సమావేశంలో చర్చిద్దాం. ఈలోగా పొయ్యి మీద రెండో వాయి మాడిపోతోంది, కాస్త చూడండి."

ప్రభువు వంటింట్లోకి వెళ్ళి చిల్లుల గరిటె అందుకున్నాడు. హాల్లో విజయశ్రీ ఏదో గట్టిగా చెబుతోంది, అందరూ వింటున్నారు. ఏం చెబుతోందో తెలుసుకుందామని చెవి ఒగ్గాడు. అక్కడినుంచి సభ మాటలు సగమే వినపడతాయని అతనికి ఆ రోజే తెలిసింది.