కాడి కట్టి చూసిన మిషన్లు

గంగాబాయికి కావలసింది చిన్న మిషన్. ఆ మాట ఆమె మూడుసార్లు చెప్పింది. ఇంట్లో చెప్పినప్పుడు మొగుడు దేవ్‌సింగ్ బీడీ ముట్టించుకున్నాడు. జనగామ బస్సులో చెప్పినప్పుడు కిటికీలోంచి ఎవరి ఎడ్లనో చూస్తూ కూర్చున్నాడు. దుకాణంలో చెప్పినప్పుడు ఈశ్వరయ్య సేటు, "గంగాబాయీ, మంచినీళ్లు తాగుతవా?" అన్నాడు. ఇక నాలుగోసారి ఏం చెప్తుంది? నీళ్లు తాగింది.

స్టేషన్ ఘన్‌పూర్ అవతలి తండాలో ఆ ఆలుమగలిద్దరూ ఇరవై ఏళ్లుగా వంటచెరకు కొట్టి బతుకుతున్నారు. రైతులు తమ గట్ల మీది తుమ్మనో, వేపనో చూపిస్తే కొట్టి, కోసి, పెళ్లిళ్లకూ హోటళ్లకూ అమ్మేవాళ్లు. గొడ్డలి అతనిది. పొడుగు రంపానికి ఆ కొసన అతను, ఈ కొసన ఆమె. పోయిన ఎండాకాలం తుమ్మకొమ్మ విరిగి దేవ్‌సింగ్ కింద పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. దవాఖానలో కట్టు కట్టి, బరువులెత్తొద్దని చెప్పి పంపించారు. ఆ రోజునుంచి గొడ్డలి కూడా గంగాబాయి చేతికే వచ్చింది. తండాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఆమె అసలే అనదు. మొగవాడి భుజం సంగతి నలుగురిలో ఎత్తడం దేనికి?

కానీ పెట్రోలుతో నడిచే రంపం మిషన్ కొనేటప్పుడు అదే అసలు సంగతి. చిన్నదైతే ఆమె పొద్దంతా పట్టుకుని కోయగలదు. పెద్దదొస్తే దాన్ని ఎత్తడానికి ఒక మనిషిని కూలికి పెట్టాలి, ఇరవై ఏళ్లు రంపం లాగిన ఆమె ఆ మనిషి వెనక పుల్లలేరుకోవాలి.

దుకాణంలో బల్ల మీద పెద్దదీ చిన్నదీ రెండు మిషన్లూ పక్కపక్కన ఉన్నాయి. దేవ్‌సింగ్ వెంటనే ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎద్దును చూడటంలో అతనికి పేరుంది. మానుకోట అంగడికి ఎవరు పోయినా అతన్ని వెంట తీసుకుపోతారు. నడక చూస్తాడు, గిట్ట చూస్తాడు, పండ్లు చూస్తాడు, ఆఖరుకు తోక మెలిపెడతాడు. ఈ పద్ధతి కాకుండా ఇంకో పద్ధతిలో వస్తువు కొనొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు.

చైను పండ్లు వేలితో తడిమి చూశాడు. చైను తిరిగే ఇనుప పట్టీ పొడుగు జానలు పెట్టి కొలిచాడు. తర్వాత పెద్ద మిషన్‌కు వెనక వేలాడే తాడు పట్టుకుని ఎడమచేత్తో ఒక్క గుంజు గుంజాడు. ఆ దెబ్బకు దుకాణమంతా దడదడలాడింది. నీలం పొగ లోపలి వంటింట్లోకి పోయింది.

"ఎవలయ్యా గది! బువ్వల పొగ జొరగొడ్తున్నరు!" లోపలినుంచి సేటు భార్య రుక్మిణమ్మ కేక.

"గొంతు మంచిగున్నది," అన్నాడు దేవ్‌సింగ్ తృప్తిగా.

"ఉండదా మరి! భూపాలపల్లి అడవిల కంట్రాక్టర్లు వాడేది గిదే," ఈశ్వరయ్య మిషన్ మీద చెయ్యి వేశాడు. "గీ చిన్నది మధ్యరకం. ఇంటికాడ నాలుగు పుల్లలు కోసుకునేటోళ్లకు. నీ అసొంటి మొగోనికి పెద్దదే సరిపోతది."

"బరువెంతుంటది సేటూ?" అడిగింది గంగాబాయి.

"నువ్వెత్తేదున్నదా ఏంది?"

దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. గంగాబాయీ నవ్వింది. నవ్వకపోతే బాగుండదు కదా.

"ఒక్క మాట సేటూ," అన్నాడు దేవ్‌సింగ్. "కాడి కట్టి చూడంది మేం ఎద్దును కొనం. రెండింటిని తోల్కపోత. ఒక్కరోజు పని చేపిచ్చి చూస్త. నచ్చింది ఉంచుకుంట, నచ్చంది తెచ్చి నీ గడపల కట్టేస్త."

"ఎద్దా గిది? మిషన్ రా నాయినా!"

"ఏదైతేంది, పద్ధతి పద్ధతే. కాడి కింద దెబ్బ తగిలితె, ఎవడు కాడి కట్టిండో ఎద్దు వానిదే. మా తాతలకాడికెల్లి గంతే. మారు మాట్లాడం."

"దుకాణంల గసొంటి పద్ధతుల్లేవు," అని ఈశ్వరయ్య మిషన్ల మీద గుడ్డ కప్పేశాడు. ఆలుమగలు వట్టి చేతులతో బస్సెక్కారు. దారంతా దేవ్‌సింగ్ పెద్దదాని గొంతు గురించే చెప్పాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలబడ్డాయి. భూపాలపల్లి బొగ్గు భూమిలోనే ఉండిపోయింది. కరెంటు వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. గ్యాస్ లారీల జాడ లేదు. అప్పుడు రోడ్ల మీద వంటావార్పు నడుస్తుండేది. రోజుకొక సంఘం వాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చోబెట్టి తినిపించేవాళ్లు. వ్యాపారుల సంఘం వంతు రాగానే ఈశ్వరయ్య మైకు పట్టుకుని, "అయిదువందల మందికి అన్నం మాది!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెబితే రుక్మిణమ్మ మాత్రం కొట్టలేదు.

"సిలిండర్ ఒక్కటే ఉన్నది, గది సగం. మైకుల ఉడుకుతదా అన్నం?"

తెల్లవారి తండా ముందర ఒక ట్రాక్టర్ ఆగింది. ట్రాలీలో రెండు మిషన్లు, వాటి పక్కన మెడలో కండువాతో ఈశ్వరయ్య, ఆయన పక్కన సోమనర్సయ్య సారు. సారు పని చేసే బడి సమ్మెలో ఉంది కాబట్టి ఆయనకు ఎక్కడికైనా పోవడానికి తీరిక ఉంది.

"దేవ్‌సింగ్, కాడి కట్టి చూడకుంట ఎట్ల కొంటవు?" అన్నాడు ఈశ్వరయ్య, ఆ పద్ధతి తన తాతలే పెట్టినట్టు. "తీస్కో రెండు. ఒక్క ట్రాలీ కట్టె ఇయ్యాల పొద్దుమీకేసరికి గావాలె."

రైతు కట్టయ్య చెల్క గట్టు మీద గాలికి కూలిన పెద్ద నల్లతుమ్మ ఉంది. ఎండి ఖంగుమంటోంది. కొట్టుకొమ్మని కట్టయ్య ఎన్నడో చెప్పి ఉన్నాడు. గంగాబాయి ఆ చెట్టు చుట్టూ తిరిగి మొదలు మీద అరచెయ్యి పెట్టింది.

"మొదలుకాడ పెట్టకుండ్రి. ఎనుకట కట్టయ్య బాపు గీ చెట్టుకే ముళ్లతీగ కొట్టిండు. చెట్టు మింగింది గని తీగ లోపల్నే ఉన్నది. నేను చూసిన."

వినేవాళ్లెవరు? అప్పటికే అందరూ పెద్ద మిషన్ చుట్టూ చేరారు. సోమనర్సయ్య సారు జీవితంలో పెన్సిల్ చెక్కడం తప్ప కట్టె కోసింది లేదు, అయినా తీర్పు ముందే చెప్పేశాడు.

"చూడుండ్రి, మధ్యరకం అంటే ఏంది? మనకు ప్రాంతీయ మండలి ఇస్తమన్నట్టు. ఒప్పుకుంటమా? ఇస్తే నిండు రాష్ట్రమియ్యాలె. కొంటే పెద్ద మిషనే కొనాలె!"

"జై తెలంగాణ!" అన్నారందరూ. పాపం, చిన్న మిషన్ ఓ పక్కన ద్రోహిలా నిలబడింది.

దేవ్‌సింగ్ పెద్దదాన్ని ఎత్తాడు. అది అరిచిందంటే అరిచింది. చెల్కలోని కొంగలన్నీ లేచిపోయాయి. రెండు మొద్దులు కోశాడు. మూడోదానికి మిషన్‌ను మెల్లగా కింద పెట్టి, "ఏడెక్కింది. జర సల్లారాలె," అన్నాడు. వేడెక్కింది మిషన్ కాదని గంగాబాయికి తెలుసు. అతని ఎడమచెయ్యి కుడిభుజాన్ని పట్టుకుని ఉంది. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

తర్వాత హన్మంత్ అందుకున్నాడు. తండాలో అతనంత ఒడ్డూపొడుగూ ఉన్నవాడు లేడు. అతనూ రెండు మొద్దులు కోసి, ఫోను చేసేదుందని గుర్తొచ్చి పక్కకు పోయాడు. కట్టయ్య ఒకటిన్నర కోశాడు. మిగిలిన సగం అతని నడుములోనే ఉండిపోయింది. ఒక్కొక్కరు దించినప్పుడల్లా, "మిషనంటే గిది!" అనుకున్నారు. పెట్రోలు ఒక సీసా అయిపోయింది, రెండోది సగమైంది. బంకులు బందు. ఉన్నదాంతోనే సర్దుకోవాలి.

గంగాబాయి పైట నడుముకు చుట్టి చిన్నదాన్ని తీసుకుంది. చెట్టు ఆ చివరకు పోయి తాడు గుంజింది. మొదట చేతి లావు కొమ్మలు, తర్వాత తొడ లావువి. మిషన్‌ను తోయలేదు. దాని బరువుకే దాన్ని దిగనిచ్చింది. పొడుగు రంపంతో ఇరవై ఏళ్లు చేసిందీ అదే. తోసేవాడికి అలుపు మిగులుతుంది, దిగనిచ్చేవాడికి పని సాగుతుంది. మధ్యలో ఒకసారి ఆగి చైను బిగించుకుంది. అటు ఎవరూ చూడలేదు, ఇటు మోత అంత ఘనంగా ఉంది మరి.

పొద్దు తిరిగాక పేపరు విలేకరి మోటారు సైకిల్ మీద వచ్చాడు. మెడలో కెమెరా చూడగానే ఈశ్వరయ్య కండువా సర్దుకున్నాడు.

"హన్మంతూ, ఇటియ్యి మిషన్. సారూ, ఏడ నిలబడాలె?"

"లావు మొద్దుకాడ నిలబడుండ్రి సేట్. మంచిగొస్తది," అన్నాడు విలేకరి.

లావు మొద్దంటే మొదలే. గంగాబాయి తన మిషన్ ఆపి, దంతపు గాజుల చెయ్యి పైకెత్తి పరుగున వచ్చింది.

"సేటూ, ఆడ వద్దు! తీగ ఉన్నది..."

"ఫొటోకు అడ్డం రాకు గంగాబాయీ! జర పక్కకు!"

విలేకరి నొక్కాడు. ఈశ్వరయ్య కూడా నొక్కాడు. పండ్లు నూరినట్టు ఒక చప్పుడు, నిప్పురవ్వలు, ఆ వెంటనే టప్పుమని చైను తెగి వేలాడింది. పట్టీ వంకరపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, అంతవరకు మంచిది. "కంపెనీ తప్పు," అన్నాడు ఈశ్వరయ్య. ఆ కంపెనీ మిషన్లు అమ్మేది తానేనని తర్వాత గుర్తొచ్చి కండువా దులుపుకున్నాడు.

ట్రాలీ మాత్రం నిండింది. అందులో ముప్పాతిక కట్టె ఎవరు కోశారని ఎవరూ అడగలేదు. తెల్లవారి జనగామ రోడ్డు మీద అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, అయిదువందలని చెప్తే ఏడువందల మంది తిన్నారు.

దసరా రెండు రోజులుందనగా ఈశ్వరయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆలుమగలు హన్మంత్ బండి మీద జనగామ పోయారు. దుకాణంలో బల్ల మీద విరిగిన పెద్ద మిషన్, దాని పక్కన చిన్నది ఉన్నాయి.

"దేవ్‌సింగ్, నీ నోటితోనే అన్నవు," ఈశ్వరయ్య మెత్తగా మొదలుపెట్టాడు. "కాడి కింద దెబ్బ తగిలితె ఎద్దు ఎవనిది? చైను కొత్తది నేనే ఏపిస్త. పట్టీ నువ్వు ఏపిచ్చుకో. పెద్దది నీదే."

దేవ్‌సింగ్ తల వంచుకున్నాడు. తాతల పేరెత్తి చెప్పిన మాట. పైగా ఆ మిషన్ మీద మనసు ఇంకా పూర్తిగా పోలేదు. "అన్నమాటే సేటూ," అనబోయాడు.

గంగాబాయి అప్పటికే గోడ దగ్గర ఉంది. అక్కడ కొత్తగా అద్దం పటం ఒకటి వేలాడుతోంది, పేపర్లోంచి కత్తిరించి కట్టించింది.

"అమ్మా రుక్మిణమ్మా, జర ఇటు రారాదు. నాకు అచ్చరాలు రావు. గీ బొమ్మ కింద ఏం రాసిండ్రు?"

రుక్మిణమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గొంతు సవరించుకుని చదివింది. "'ఉద్యమం కోసం స్వయంగా మిషన్ పట్టి కట్టెలు కోస్తున్న వ్యాపారి ఈశ్వరయ్య.' స్వయంగ అని రాసిండ్రు చూడు! ఇంట్ల చెంబు గూడ స్వయంగ ముంచుకోడు."

"నాకు చదువు రాదు గని బొమ్మ అర్థమైతది," అంది గంగాబాయి. "గా పొద్దు కాడి ఎవలు కట్టిన్రో జర చెప్పుండ్రి సేటూ. ఫొటోకు ఊరికే పట్టుకున్నంటే గట్లనే అనుండ్రి. పెద్దది మేమే తీస్కపోతం. గని గా పటం దించుండ్రి మరి."

దుకాణంలో బేరానికొచ్చినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ పటం వైపు తిరిగారు. ఈశ్వరయ్య మిషన్ వైపు చూశాడు, పటం వైపు చూశాడు. బల్ల మీది మిషన్ ఖరీదైనదే. కానీ పేపర్లో పడటం ఆయనకు అదే మొదటిసారి.

"స్వయంగనే కోసిన," అన్నాడు చివరకు. "అబద్ధం రాస్తరా వాళ్లు?"

డబ్బు కట్టి కొన్న చిన్న మిషన్ ఆ సాయంత్రమే తండాకు వచ్చింది. దసరానాడు గంగాబాయి దానికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, పక్కన పాత రంపాన్ని కూడా నిలబెట్టి మొక్కింది. చూడవచ్చినవాళ్లకు దేవ్‌సింగ్ చెప్పాడు. "నాకైతె దుకాణంల తోక పట్టంగనే తెల్సింది, గిదే పనికొస్తదని. పెద్దదానికి గొంతే గని గుణం లేదు." గంగాబాయి మిషన్ తుడుస్తూ విన్నది. మరుసటి రోజునుంచి చెట్టు చూసి బేరమాడేది అతను, కోసేది ఆమె. ఇద్దరికీ పని దొరికింది.

మూడేళ్లకు రాష్ట్రం వచ్చింది. సంబరాల భోజనాలకు కట్టె కావాలని ఈశ్వరయ్యే కబురు చేశాడు. గంగాబాయి కట్టె దింపించి, చైను నూనె డబ్బా కోసం దుకాణంలోకి వచ్చింది. పటం అక్కడే ఉంది. దాని కింద పెద్ద మిషన్‌కు బంతిపూల దండ, చైను లేకుండానే. "ఉద్యమం మిషన్ గిది. అమ్మను," అని ఈశ్వరయ్య ఎవరికో చెప్తున్నాడు.

"గీ ఎనుక ఎత్తిన చెయ్యి ఎవలది సేట్?" ఆ మనిషి పటానికి దగ్గరగా వంగి అడిగాడు. ఈశ్వరయ్య మోచేతి వెనక, బొమ్మ అంచున, దంతపు గాజులతో ఒక చెయ్యి మాత్రమే పడింది. మిగతా మనిషి పడలేదు.

"గదా? తండా ఆడామె. జై తెలంగాణ అని నినాదమిస్తున్నది."

"తీగ ఉన్నదంటున్న సేటూ," అంది గంగాబాయి వెనకనుంచి. "నూనె డబ్బా ఇయ్యుండ్రి. చీకటైతున్నది."