బండి చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం

మా ఇంట్లో బండి కొనాలంటే నన్ను అడక్కుండా కొనరు. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు. మా టైల్స్ షాపు ముందు ఇప్పటిదాకా నిలబడ్డ బండ్లన్నీ నేను ఊ అన్నాకే వచ్చాయి. మా నాన్న పాత బండ్లు కొని అమ్మేవాడు. ఆడపిల్లకెందుకని నాకేమీ నేర్పలేదు. నేనే పుస్తకం ముందేసుకుని చదువుతున్నట్టు నటిస్తూ, ఆయన ఎక్కడ చెయ్యి పెడుతున్నాడో, ఎక్కడ చెవి పెడుతున్నాడో చూసి దొంగిలించుకున్నాను. అంత కష్టపడి తెచ్చుకున్న సరుకుని ఎవరైనా ఊరికే పంచిపెడతారా? అందుకే బండి చూశాక నా నోట ఒక్క మాటే వచ్చేది. "తీసుకోండి" అనో, "వద్దు" అనో. ఎందుకని మా మామగారు ఎప్పుడూ అడగలేదు. ఆయన అడగనంత కాలమే నా మాటకి ధర.

తర్వాత మా మరిదికి పెళ్ళయింది. తోడికోడలు వచ్చింది.

వచ్చేముందు పార్సిల్ ఆఫీసులో పనిచేసిందట. స్కూటరు, కారు, చిన్న లారీ, ఏది చేతికిచ్చినా నడుపుతుంది. షాపులో కూర్చుంటే వచ్చినవాళ్ళకి ఏ టైలు తడిస్తే జారుతుందో, ఏది ఎండకి వెలుస్తుందో అన్నీ విడమరిచి చెప్పేస్తుంది. ఈ పిల్ల షాపు ముంచుతుందనుకున్నాను. ముంచలేదు. వెళ్ళినవాళ్ళు చుట్టాల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి, నన్ను దాటి నా వెనకాలకి చూసేవాళ్ళు. "ఆ చిన్నమ్మగారు లేరా?" అనేవాళ్ళు. గోడౌన్లో ఉన్నా సరే, లేదని చెప్పేదాన్ని. వాళ్ళ గొంతు విని ఆ పిల్లే బయటికి వచ్చేది.

మా పాత పికప్ ఇంజిన్ పని అయిపోయింది. టైల్స్ చూడ్డానికి చిన్న పెట్టెలే గానీ బరువులో బండరాళ్ళు. సగం బాడీ నిండకముందే చక్రాల మీద బరువు కాసే కమాన్ పట్టీలు అణిగిపోతాయి. కొత్త బండి కొనే తాహతు మాకు లేదు. సెకండ్ హ్యాండ్లోనే గట్టి డీజిల్ పికప్ చూడాలి. భోజనాల దగ్గర మామగారు ఆ మాట ఎత్తి, నావైపు చూసి, తర్వాత చిన్నదానివైపు చూసి, ఇద్దరూ వెళ్ళి చూడమన్నారు. ఆ "ఇద్దరూ" నా గొంతులో అన్నం ముద్దతో పాటు అడ్డం పడింది.

చిన్నది ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. ఫోన్లో వీడియోలు చూసింది. మా డ్రైవర్ని అడిగింది, మెకానిక్కుని అడిగింది. చివరికి నా దగ్గరికే వచ్చి, మీరు ముందు ఏం చూస్తారక్కా అంది. రంగు చూస్తానన్నాను. నవ్వింది. నేను హాస్యమాడాననుకుంది పాపం.

బ్రోకరు యార్డు లారీలు తూచే వేబ్రిడ్జి వెనకాల. మా ఆయన్నీ మరిదినీ షాపులో ఉంచి, మామగారితో మేమిద్దరం వెళ్ళాం. ఆ బ్రోకర్ని అందరూ నవ్వుల బ్రోకరంటారు. ధర చెప్పినా నవ్వే, తగ్గించనన్నా నవ్వే. తెల్ల పికప్ ఒకటి కడిగి, తుడిచి, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు ముందువరసలో పెట్టాడు. బేకరీ వాళ్ళ బండి, రొట్టెలు తప్ప వేరే బరువే ఎరగదు, పువ్వుల్లో పెట్టి చూసుకున్నారన్నాడు.

మా తోడికోడలు అతని మాట పూర్తి కాకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. అది మా నాన్న మొదటి ఎత్తు. ఎవరూ చూడకుండా, బండికి ఆనుకుని నిలబడ్డట్టు నటిస్తూ పెట్టేవాడు ఆ చెయ్యి. ఇదేమో నలుగురిలో పెట్టి, పైగా పాఠం మొదలుపెట్టింది.

"చల్లగానే ఉంది మామయ్యా. మనమొచ్చేలోపు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, పొద్దున పూట మొండికేసే జబ్బు మనకి కనబడదు."

మామగారు తలూపారు. అది తాళం తిప్పింది. ఇంజిన్ ఒక్క దమ్ములో అందుకుంది. పొగ గురించి చెప్పింది. నల్లగా వదిలితే డీజిల్ సరిగ్గా కాలట్లేదని, నీలంగా వస్తే ఆయిల్ తాగుతోందని, తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే లోపలికి నీళ్ళు దిగుతున్నాయని. దీనికి మొదట కాస్త బూడిదరంగు వచ్చి ఆగిపోయింది. ఆయిల్ పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద బోర్లించి పెట్టింది. లోపల అరిగిన ఇంజిన్ అయితే గాలి పైకి తన్ని ఆ మూత ఎగిరి పడుతుంది. ఇది కాస్త వణికి ఊరుకుంది. స్టీరింగ్ ఆడించి చూసింది, టైర్లు ఒకే తీరుగా అరిగాయో లేదో చూసింది. ప్రతి దానికీ మామగారు వంగి, కళ్ళజోడు సర్దుకుని, అవునా అంటున్నారు. ఇన్నేళ్ళలో ఆయనకి బండి గురించి తెలుసుకోవాలని ఉందన్న సంగతే నాకు తెలియదు. ఆయన మొహంలో ఆ సరదా ఇప్పుడే చూస్తున్నాను.

బండి బాగోకూడదని మనసారా కోరుకున్నాను. కళ్ళు మూసుకుని ఇంజిన్ విన్నాను. ఒక్క అపశ్రుతి ఉంటే చాలు, పట్టుకుని ఊపేద్దామనుకున్నాను. ఏమీ లేదు. అంత శుభ్రమైన ఇంజిన్ విని నాకు అంత కష్టం ఎప్పుడూ కలగలేదు.

వాళ్ళు ముందు మాట్లాడుకుంటుంటే వెనక్కి వెళ్ళాను. బాడీలో కొత్త రబ్బరు పట్టా పరిచి ఉంది. వెనక మూల ఎత్తి చూశాను. రేకుకి సోడా సీసా మూతంత చిల్లు వేసి, తర్వాత ఎప్పుడో వెల్డింగ్ పెట్టి పూడ్చి, సాపుచేసి, రంగేశారు. రెండో మూల ఎత్తాను. అక్కడా ఒకటి. మూలల్లో చిల్లులు నీళ్ళు పోవడానికే వేస్తారు. రొట్టెల బండికి నీళ్ళెక్కడివి? ఐసుపెట్టెలు మోసే చేపల బండికుంటాయి. ఐసు కరిగి, ఆ ఉప్పునీళ్ళు ఆ చిల్లుల్లోంచి కారేది సరిగ్గా కింద, బండి బరువంతా మోసే చాసీ మీదికే. వంగి చూస్తే అక్కడే నల్లరంగు కాటుకలా దట్టంగా ఉంది. బండిలోని వీల్ స్పానర్ తీసి చాసీని ముందువైపు తట్టాను. గంటలా పలికింది. వెనక తట్టాను. చెమ్మెక్కిన గోడని కొట్టినట్టు మూగగా పలికింది. లోపల్నుంచి తినేసింది ఉప్పు. మా టైల్స్ ఎక్కించి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఎక్కడ విరుగుతుందో కూడా చూపించగలను.

అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నింపాదిగా ముందుకి వచ్చి, ఎప్పటిలాగే "వద్దు" అన్నాను.

ఎప్పటిలాగే మామగారు చేతులు దులుపుకుని కదలాలి. కదల్లేదు. చిన్నదానివైపు చూసి, నావైపు తిరిగి, "ఎందుకమ్మా?" అన్నారు.

ఆయన నన్ను ఎందుకని అడగడం అదే మొదటిసారి. నేను తేరుకునేలోపే బ్రోకరు అందుకున్నాడు.

"చిన్నమ్మగారు మెచ్చిన బండి పెద్దమ్మగారికి ఎలా నచ్చుతుంది లెండి," అని నవ్వాడు. "మా ఇంట్లోనూ ఇద్దరు కోడళ్ళున్నారు."

అతను బండి గురించి అన్నీ అబద్ధాలే చెప్పాడు గానీ నా గురించి మాత్రం నిజమే చెప్పాడు. అందుకే అంత మండింది. లెక్క వేసుకున్నాను. కారణం చెబితే నా సరుకు నలుగురి పాలు. చెప్పకపోతే అక్కడున్న వాళ్ళందరికీ నేను ఓర్వలేక అడ్డుపడ్డ తోడికోడల్ని, ఆ బండి ఇంటికొస్తుంది, దాంట్లో డ్రైవరు పక్కన కూర్చునేది మా ఆయన.

పట్టా ఎత్తి చూపించాను.

"రొట్టెలు నీళ్ళు కార్చవు కదా," అన్నాను.

బ్రోకరు నవ్వు ఆగింది. ఎప్పుడైనా ఒకట్రెండు సార్లు చేపలు వేశారేమో తనకి తెలియదన్నాడు. నేను స్పానర్‌తో ముందు ఒకటి, వెనక ఒకటి కొట్టాను. మామగారు రెండు శబ్దాలూ విని ఒక అడుగు వెనక్కి వేశారు. నెగ్గాననుకున్నాను.

ఎంతసేపు? మా తోడికోడలి మొహం మాడిపోతుందని చూస్తే, దీపం పెట్టినట్టు వెలిగింది. మంచి బట్టలన్న ధ్యాస కూడా లేకుండా బండి కిందికి దూరింది. నా చేతిలోంచి స్పానర్ లాక్కున్నంత పని చేసి, తట్టుకుంటూ, వినండి మామయ్యా, ఇక్కడిదాకా బాగుంది, ఇదిగో ఇక్కడ మారింది చూడండి అంటూ మొత్తం పొడుగునా వాయించింది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని విన్నారు. నేను ఏళ్ళ తరబడి దాచుకున్నది, కాఫీ చల్లారేలోపు దాని సొంతమైపోయింది.

ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. అది దాచుకునే మనిషి కాదు. "అక్క చూశారు, నాకు తట్టనే లేదు" అని ప్రతి మాట ముందూ నా పేరే పెట్టింది. దాంతో అత్తగారు దీని మనసు ఎంత మంచిదో అని మురిసిపోయారు. చాసీ కనిపెట్టింది నేను, మెప్పు దాని మనసుకి. ఇలాంటి బేరం నేను జన్మలో చూడలేదు.

తర్వాత చూసిన బండి ఒక ప్లైవుడ్ షాపాయనది. షాపు మూసేస్తున్నాడు. గోడౌన్ పక్కన ఖాళీ స్థలంలో పెట్టాడు బండి. ఆయనకి మాటలు తక్కువ, బండికి గీతలెక్కువ. అది నాకు నచ్చింది. దాచాలనుకునేవాడు ముందు గీతలు దాస్తాడు.

మా తోడికోడలు చెయ్యి బానెట్ మీద పెట్టి, నేరుగా వెనక్కెళ్ళి, మూలలు తడిమి, చాసీ వాయించింది. అచ్చం నాలాగే, తల పక్కకి వాల్చి మరీ విన్నది. నాకు చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు. అన్నీ బాగున్నాయంది. మామగారు సరేనన్నట్టే ఉన్నారు. నడిపి చూస్తానని అది ఎక్కితే, నేను పక్క సీట్లో ఎక్కాను.

ఆ సీటు నాకు కొత్త కాదు. మా నాన్న బండిలోనూ అదే, మా ఆయన బండిలోనూ అదే. ఎన్ని ఇంజిన్లు విన్నా ఎప్పుడూ పక్కనుంచే విన్నాను. అది స్టీరింగ్ మీద ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో గేరు మారుస్తూ, నాతో మాట్లాడుతూ తిప్పుతోంది, జడ వేసుకున్నంత తేలిగ్గా. ఆ చేతుల్ని చూస్తుంటే నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. నా మంట షాపుకొచ్చేవాళ్ళు దాన్ని అడిగినందుకు కాదు, మామగారు దాని మాట విన్నందుకు కూడా కాదు. నాకు అది కూర్చున్న సీటు కావాలి.

స్థలం చివర పల్లం ఉంది. మూడో గేర్లో దిగుతుండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యమన్నాను. తీసింది. గేరు రాడ్ ఒక్క వణుకు వణికి, దానంతటదే న్యూట్రల్లోకి జారిపడింది. చిన్నది నోరు తెరిచింది. మళ్ళీ వేసి చూడమన్నాను. మళ్ళీ జారింది.

"ఇది మీకెలా తెలిసిందక్కా?"

మూడో గేరు వెయ్యగానే రాడ్ మొదట్లో ఈగ ముసిరినట్టు చిన్నగా జివ్వుమనడం నేను ముందే విన్నాను. చాసీ పోతే బండి పోయినట్టే గానీ గేరుబాక్సు విప్పి బాగుచేయించుకోవచ్చు. ధర తగ్గించడానికి ఇంతకంటే మంచి జబ్బు దొరకదు. ఇవన్నీ దానికి చెప్పొచ్చు. కానీ ఒకసారి ఊరికే ఇచ్చి చూశాను, చాలు.

"చెప్తాను. ముందు నువ్వు దిగు," అన్నాను. "ఈ సీట్లో నన్ను కూర్చోబెట్టి నడపడం చూపించు. అప్పుడు చెప్తాను."

బేరమాడుతుందేమో అనుకున్నాను. ఇంజిన్ ఆపేసి చటుక్కున దిగి అటు తిరిగి వచ్చింది. దానికి బేరమాడటం కూడా రాదు. క్లచ్ ఎక్కడో, ఎంత నెమ్మదిగా వదలాలో చెప్పింది. నేను వదిలాను. బండి దున్నపోతులా ఎగిరి చచ్చింది. అది పగలబడి నవ్వింది. దాంట్లో వెటకారం లేదు, అది ఇంకా ఒళ్ళు మండించింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఎగిరింది. ఆ తర్వాత ఎలాగో కదిలింది. అటు చివరి నుంచి ప్లైవుడ్డాయన తన గోడకేసి ఒకసారి, నాకేసి ఒకసారి ఆత్రంగా చూస్తున్నాడు. ఆ గోడకి ఇంకా చాలా దూరం ఉండగానే ఆపాను. చేతులు చెమటతో స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి.

మామగారు నడుచుకుంటూ వచ్చి డ్రైవరు వైపు కిటికీ దగ్గర వంగారు. ఆ సీట్లో నన్ను చూసి ఒక్క క్షణం తికమకపడ్డారు. ఎవర్ని అడగాలని వచ్చారో నాకు తెలుసు. కానీ వంగింది నా కిటికీ దగ్గర.

"ఏమ్మా, తీసుకుందామా?" అన్నారు.

"తీసుకోండి," అన్నాను. ఆయన అడక్కముందే కారణం కూడా చెప్పాను. "చాసీ గట్టిది, ఇంజిన్ మంచిది. మూడో గేరు జారుతోంది, దానికి తగ్గించమనండి."

పక్క సీట్లోంచి మా తోడికోడలు ముందుకి వంగింది. ఆ గేరు అక్కే పట్టుకున్నారని నన్ను పొగడబోతోందని దాని మొహం చూస్తేనే తెలుస్తోంది. అది నోరు తెరిచేలోపు అరచెయ్యి మొత్తం ఆనించి హారన్ నొక్కాను.

మామగారు ఉలిక్కిపడి చూశారు. హారన్ కూడా బాగుందని చెప్పాను.