మూడో మడత

మా పాప టోపీకి వెనకవైపు మూడు మడతలున్నాయి. మొదటిది ఆరో నెలలో విప్పాను. రెండోది ఏడాది నిండాక విప్పాలి. మూడోది మాత్రం విప్పకూడదు. ఎందుకో నాకూ తెలియదు. చిన్నప్పుడు మా అమ్మ నాకు అలాగే కుట్టింది, ఆ టోపీని ముందు పెట్టుకుని నేను మా పాపకు కుట్టాను. విప్పొద్దని అమ్మ ఒకసారి గట్టిగా అరిచింది కాబట్టి విప్పలేదు, అంతే.

నేను టోపీల కార్ఖానాలో పనిచేస్తాను. ఉన్ని టోపీలను ఆవిరి పట్టి చెక్క దిమ్మల మీద బిగించే గది నాది. ఆ వేడిలోకి పసిపిల్లను తేలేను. అందుకని పాపను కింది వాటా పిన్నిగారి దగ్గర వదిలి వస్తాను. ఆవిడ మంచిదే, కానీ ఒక చెవి వినపడదు. పాప ఏ వైపు కూర్చుని ఏడుస్తోందో, నేల మీద దొరికిన బొత్తాం నోట్లో పెట్టుకుందో అని ఒక్కో టోపీకి ఒక్కో భయం. చేతులు ఇక్కడ, ప్రాణం అక్కడ.

ఒకరోజు పిన్నిగారు కళ్ళ పరీక్షకు వెళ్ళింది. గత్యంతరం లేక పాపను బుట్టలో పడుకోబెట్టి తెచ్చి, గుమ్మం బయట గాలి తగిలేచోట పెట్టుకున్నాను. ఖర్మకొద్దీ డిజైనర్ మేడమ్ అప్పుడే కిందికొచ్చింది. పాపను చూసి తిడుతుందనుకున్నాను. ఆవిడ పాపను చూడనే లేదు, టోపీని చూసింది.

"ఈ మడతలేంటి?"

"తల పెరిగేకొద్దీ విప్పడానికండి."

"మూడూనా?"

"మూడోది విప్పమండి."

"ఎందుకని?"

"విప్పకూడదండి."

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఏం తప్పు మాట్లాడానో అనుకుంటూ ఆ పూట రెండు టోపీలు దిమ్మ మీద వంకరగా బిగించాను.

మూడు వారాల తర్వాత నా దిమ్మ మీదికి కొత్త నమూనా వచ్చింది. బూడిద రంగు ఉన్ని, వెడల్పాటి అంచు, వెనక మూడు మడతలు. పెద్దవాళ్ళ టోపీ. నా పక్కన పనిచేసే ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దవాళ్ళ తలలు కూడా పెరుగుతాయటే?"

"ఏమో అక్కా."

"పెరుగుతాయిలే. మన కటింగ్ మాస్టర్‌కి మాస్టర్ అని పిలిచిన వారంలోనే పెరిగింది."

నేను నవ్వబోయేలోగా మేడమ్ పై గదికి రమ్మంది. టోపీతోపాటు పెట్టే అట్టముక్క నా చేతికిచ్చి చదవమంది. ఆరో తరగతితో ఆగిపోయిన చదువు నాది. అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, అర్థాలే వెంట రావు. నా తంటా చూసి ఆవిడే చదివింది. మొదటి మడత గడిచిన తరం, రెండోది నేటి తరం, మూడోది ఇంకా పుట్టని తరం. అందుకే దాన్ని ఎవరూ విప్పరు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే అనుమానం మొదలైంది. ఇంత అర్థం ఉందని మా అమ్మకు తెలుసా? తెలిసీ, దీనికేం అర్థమవుతుందిలే అని నాకు చెప్పలేదా?

"ఎల్లుండి కొనేవాళ్ళు వస్తున్నారు. పాపను ఎత్తుకుని ఇదంతా నువ్వే చెప్పాలి. బాగా చెబితే నిన్ను ఈ గదిలోకి మారుస్తాను. పాపని కూడా తెచ్చుకో, కిటికీ పక్కన చోటుందిగా."

కిటికీ వైపు చూశాను. బుట్ట సరిగ్గా పడుతుంది. కూర్చున్నచోటి నుంచి కనపడుతుంది కూడా.

అన్నం వేళకు అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, టోపీకి ఆ మూడో మడత ఎందుకే?"

"ఏ టోపీ? ఓ, అదా! అది మడత కాదే తల్లీ, కోత తప్పు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఎదురింటి పిల్లాడి తలకి కొలత తీశా. వాడిది గుమ్మడికాయంత తల. తీరా నువ్వు పుట్టాక పెడితే ముక్కుదాకా దిగింది. బట్ట కత్తిరించడానికి మనసొప్పక ఇంకో మడతేసి నొక్కేశా."

"మరి విప్పితే ఊరుకోనన్నావు?"

"విప్పితే కళ్ళకడ్డం పడదూ! గోడకి గుద్దుకుంటావని అరిచా."

ఫోన్ పెట్టేశాను. అమ్మ తప్పునే కొలతగా పెట్టుకుని నా పాపకు కత్తిరించాను. ఇప్పుడది ఉన్ని టోపీ మీదికి ఎక్కింది.

కొనేవాళ్ళు ముగ్గురొచ్చారు, ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. కంఠతా పట్టిందంతా అప్పజెప్పాను. గడిచిన తరం తడబడకుండా వచ్చింది. నేటి తరం దగ్గర పాప నా ముక్కు పట్టుకుంది. అయినా ముగించాను. అప్పుడా పెద్దావిడ మెల్లిగా అడిగింది.

"మీ అమ్మగారు మీకు ఇలాగే చెప్పారామ్మా?"

అవునంటే సరిపోయేది. కిటికీ, బుట్ట అన్నీ కళ్ళముందే ఉన్నాయి. కానీ ఆవిడ అడిగింది అట్టముక్క గురించి కాదు, మా అమ్మ గురించి.

"లేదండి. మా అమ్మ ఎదురింటి పిల్లాడి తలకి కొలత తీసిందండి."

మొత్తం చెప్పేశాను. మేడమ్ ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది. పెద్దావిడ పడీపడీ నవ్వింది. మగవాళ్ళలో ఒకాయన "గుమ్మడికాయంతా?" అని రెండుసార్లు అడిగాడు. నా మీద నవ్వుతున్నారో, నాతో నవ్వుతున్నారో అంతు చిక్కలేదు.

మర్నాడు మేడమ్ పిలిచింది. "నిన్న అలా ఎందుకన్నావు?" అంది. నేను నోరు తెరిచేలోగా, "సరే, అక్కడ కూర్చో," అని కిటికీ చూపించింది. కోపమో, సంతోషమో తెలియలేదు. బల్ల మీద కొత్త అట్టముక్క ఉంది. కూడబలుక్కుని చదివాను. ఒక తల్లి పొరపాటు, ఒక కూతురు దాచుకున్న మడత. నేనేం దాచుకున్నాను? ఎవరినీ అడగలేదు. పాపను తెచ్చుకునే చోటు దొరికింది, అదే పదివేలు.

ఆ మర్నాడు పాప బుట్ట కిటికీ పక్కకు చేరింది. కటింగ్ మాస్టర్ నా ముందు టోపీ పెట్టాడు. మూడో మడత పొరపాటున పడ్డట్టు ఉండాలట. కొనేవాళ్ళు అడిగిన రెండు వందల టోపీలకూ ఒకే పొరపాటు, వెంట్రుకవాసి తేడా రాకూడదట.

కుట్టాను.

"ఇది తప్పులా లేదమ్మా. విప్పు."

కాస్త వంకరగా కుట్టాను.

"ఇది మరీ తప్పు. విప్పు."

అమ్మ కుట్టిన పాత టోపీ కొలత తీసుకున్నాక చీకిపోయింది, ఆ మడత ఎలా ఉండేదో గుర్తు రాలేదు. పాప టోపీ తీసి చూశాను. మూడో మడత గీత గీసినట్టు తిన్నగా ఉంది. అమ్మ తప్పును నేనెప్పుడో సరిచేసి కుట్టేశాను.

మళ్ళీ ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ మడత వేసేటప్పుడు నీ చెయ్యి ఎటు పోయింది?"

"ఎటు పోతోందో చూసుకుంటూ తప్పు చేస్తారటే ఎవరైనా?" అంది అమ్మ.