జోగమ్మ గుమ్మం

దుర్గారావు చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి, కౌంటరు మీద పరిచి, వేలితో తట్టాడు.

“ఈ నంబరెవులిదో సెప్పాల బావా. నువ్వు కాక ఇంకెవులు సెప్తారు నాకు?”

సాయిశంకర్ వంగి చూశాడు. మధ్యమధ్య చుక్కలు పెట్టిన అంకెల గుత్తులు. కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడికి అదేమిటో ఒకరు చెప్పాలా? ఇంటర్నెట్ లైనుకి ఉండే చిరునామా. ఏ లైనుదో కూడా వెతకనక్కర్లేదు. సీతమ్మధారలోని ఈ షాపుదే. దుర్గారావు మోచెయ్యి ఆనించిన ఈ కౌంటరు కింద మినుకుమినుకుమంటున్న మోడెమ్‌దే.

అతను అంకెలు మళ్లీ మొదటి నుంచి చదివాడు. అవే.

“ఎక్కడిదిది?” అన్నాడు.

దుర్గారావు స్టూలు లాక్కుని తాపీగా కూర్చున్నాడు. అతను సాయిశంకర్‌కి మేనత్త నారాయణమ్మ కొడుకు. పరవాడ అవతల ఒక మందుల కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు. యూనిఫాం వేసుకున్నప్పటి నుంచి కూర్చోవడంలో కూడా ఒక దర్జా వచ్చింది.

“పేపరోళ్లకి ఎవులో మెయిల్ కొట్టినారు. మా టేంకరు గెడ్డలో ఇసపు నీళ్లు ఒగ్గెత్తన్నట్టు పోటో. ఆ పేపరోళ్లు దాన్ని అలాగే మా సారుకి పంపి, దీనికేటంటారని అడిగినారు. హైదరాబాదు నుంచి ఒక కుర్రోడొచ్చి, మెయిల్ ఎనకాల ఉన్న ఈ నంబరు లాగినాడు. సీతమ్మధార సైడు లైనంట. అక్కడితో ఆగింది.”

“దొరికితే ఏం చేస్తారు?”

“ఏటి సేత్తారు? డ్రైవరు గతే.”

డ్రైవరు గతి ఊరంతా ఎరిగినదే. కంపెనీ టేంకరు తోలే మనిషి కల్లుపాక దగ్గర నోరు జారాడు. ఆ వారంలోనే రెండు కాళ్లూ విరిగి కల్వర్టు కింద దొరికాడు. ఏక్సిడెంటని రాసుకున్నారు.

దుర్గారావుకి తెలియనిది ఒకటే. ఆ ఫోటో తీసింది సాయిశంకర్ చెల్లెలు సత్యశ్రీ. అదే కంపెనీ ల్యాబులో పని చేస్తుంది, గాజువాకలో గది తీసుకుని ఒక్కతే ఉంటుంది. గెడ్డ సముద్రంలో కలిసేచోట చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టుకుని తేలుతున్నాయి. వల లాగిన తండ్రి అప్పలసూరి అరచేతులు బొబ్బలెక్కి, అన్నం కూడా చెంచాతో తినాల్సి వచ్చింది. అది చూశాక ఆ పిల్ల ఊరుకోలేకపోయింది. ఫోటో వేరే ఊరిదని కంపెనీ బుకాయించింది. రేపు పొద్దున్నే కాలుష్య నియంత్రణ అధికారుల విచారణ. ఈసారి టేంకరు నంబరూ, కంపెనీ గేటూ కలిసి కనబడేలా సెల్‌ఫోనుతో వీడియో తీసింది. ఇవాళ సెలవు పెట్టి, నాలుగింటికల్లా అది విచారణ జరిపేవాళ్లకి పంపుతానంది.

గోడ గడియారం నాలుగుకి దగ్గర పడుతోంది. ఆ మెయిలు కూడా ఇదే నంబరుతో వెళ్తుంది. అలా వెళ్లేట్టు చేసిన మహానుభావుడు సాయిశంకరే.

షాపు మూల ఒక పాత కంప్యూటరు ఏడాదిగా ఆగకుండా నడుస్తోంది. పంపినవాడెవడో తెలియకుండా మెయిలు పంపుకోవడానికి, దేశదేశాల్లో ఊరూపేరూ తెలియని మనుషులు సొంత ఖర్చుతో నడిపే నెట్‌వర్క్ ఒకటుంది. టార్ అంటారు. దాంట్లో పంపిన మాట మూడు చేతులు మారుతుంది. మొదటి చేతికి ఇచ్చినవాడు తెలుసు, చివరి చేతికి పుచ్చుకునేవాడు తెలుసు. ఇద్దరినీ ఎరిగిన చెయ్యి ఒక్కటీ ఉండదు. పుచ్చుకున్నవాళ్లకి కనబడేది చివరి చేతి నంబరు మాత్రమే. మూల ఉన్న ఆ కంప్యూటరు అలాంటి చేతుల్లో ఒకటి. నోరు విప్పితే జైల్లో వేసే దేశాల వాళ్లు కూడా ఇట్నించి పోతుంటారని ఎక్కడో చదివి, లైను ఎలాగూ ఖాళీగా ఉంటోంది కదా అని పెట్టాడు. దానికో పేరు పెట్టమని సాఫ్ట్‌వేర్ అడిగితే నాయనమ్మ పేరు పెట్టాడు. జోగమ్మ.

అంతవరకూ బాగానే ఉంది. చెల్లెలి కంప్యూటరులో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు మాత్రం, చదువుకున్న సాయిశంకర్ పక్కకి జరిగి, అతనిలోని జాలరి అప్పలసూరి కొడుకు కీబోర్డు ముందు కూర్చున్నాడు. వాళ్ల రేవులో ఒక కట్టుబాటు. వల రాతికి తగులుకుంటే, నడుముకి తాడు కట్టుకుని ఒకడు నీళ్లలోకి దిగుతాడు. ఆ తాడు కొస సొంతవాడే పట్టుకోవాలి. పరాయివాడికి ఇవ్వరు. మరి ముక్కూమొహం తెలియని ఏ దేశంవాడి చేతిలోనో చెల్లెలి తాడు పెడతామా? సెట్టింగుల ఫైలు చివర రెండు లైన్లు రాశాడు. ఎప్పుడు పంపినా ఆఖరి చెయ్యి జోగమ్మే కావాలి, ఇంకొకరు కాకూడదు. రాసి, తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ తెలివే ఇప్పుడు కౌంటరు మీద కాగితమై పడుంది.

ఒకసారి వస్తే దారిన పోయేవాడనుకుంటారు. రెండోసారీ అదే గుమ్మంలోంచి వస్తే ఇంటివాడే అంటారు. ఇంటివాడి చెల్లెలు ఎక్కడ పని చేస్తోందో కనుక్కోవడానికి ఎంతసేపు?

“ఒక కస్టమరు బావా, అర్జంటు,” అని సాయిశంకర్ సెల్లు అందుకున్నాడు. బయటికి వెళ్లి మాట్లాడితే అనుమానం. అక్కడే నిలబడ్డాడు.

“హలో మేడం, షాపు నుంచండి. బిల్లు ఇంకా పంపలేదు కదా? పంపకండి.”

“మేడమేటి అన్నియ్యా? పంపబోతన్నాను.”

“పంపకండి మేడం. మా దుర్గారావు బావ వచ్చాడు, తర్వాత వివరంగా చెప్తాను. ముందు ఆ సెట్టింగుల ఫైలు తెరవండి.”

అవతల మౌసు టకటకలాడింది. తెలివైన పిల్ల. సాయిశంకర్‌కి ఆ టకటక విని కళ్లు చెమర్చినంత పనైంది.

“తెరిసినాను.”

“ఆఖరి రెండు లైన్లు తీసెయ్యండి.”

“తీసేత్తే నువ్వు పట్టుకోవు గదన్నియ్యా. ఎవులో పట్టుకుంటారు.”

“అవును మేడం. ఎవరో ఒకరు పట్టుకుంటారు. అదే మంచిది.”

ఆ మాట అంటుంటే అతనికి తాడు అరచేతిలోంచి జారిపోతున్నట్టే అనిపించింది. ఇన్నాళ్లూ ఇంత సులువైన సంగతి బుర్రకెక్కనందుకు తనని తాను తిట్టుకున్నాడు.

“తీసీసినాను. సేవ్ సేసినాను. మళ్లీ మొదలెట్టినాను.” కాసేపటికి మళ్లీ అంది. “ఉల్లిపాయ పసుప్పచ్చగానే ఉన్నాదన్నియ్యా. ఆకుపచ్చవటం లేదు.”

ఆ సాఫ్ట్‌వేర్‌కి గుర్తు ఉల్లిపాయ బొమ్మ. నెట్‌వర్క్ అందితే ఆకుపచ్చ, అందకపోతే పసుపు. మూడు చేతులూ దొరికితే గానీ అది రంగు మారదు.

“ఉల్లిపాయ పసుపుగానే ఉందా మేడం?” అన్నాడు సాయిశంకర్, ఆదుర్దాలో నోరు జారి.

దుర్గారావు పకపకా నవ్వాడు. “ఉల్లిపాయలేటి బావా? ఇది కంప్యూటర్ల సాపా, రైతుబజారా?”

సాయిశంకర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద అతికించినట్టు ఉండిపోయింది. కారణాలు ఒక్కొక్కటే లోపల తిరిగాయి. లైను బాగానే ఉంది, పోతే ఆ పిల్లే చెప్పేది. లైన్లు సరిగ్గా తీసింది. ఇంకేమిటి?

“మధ్యలో కరెంటేమైనా పోయిందా మేడం?”

“ఇందాకే పోయొచ్చింది.”

అతను నుదురు కొట్టుకున్నాడు. ఆ కంప్యూటరులో బిళ్లంత బ్యాటరీ ఒకటి చచ్చిపోయింది. కరెంటు పోతే చాలు, దాని తారీకు పుట్టినరోజుకి వెళ్లిపోతుంది. రేపు మారుస్తా, ఎల్లుండి మారుస్తా అని చెల్లెలి దగ్గర బాకీ పెట్టాడు. ఊళ్లోవాళ్ల కంప్యూటర్లన్నీ బాగుచేసేవాడి ఇంట్లో కంప్యూటరు బాగుంటే వింతే. తారీకు తప్పితే ఆ నెట్‌వర్క్‌లో ఏ చెయ్యీ ముందుకి రాదు.

“కింద మూల తారీకు చూడండి.”

“రెండువేల రెండు, జనవరి.”

“ఇప్పుడు రెండువేల తొమ్మిది మేడం. ఇవాళ్టి తారీకు, టైమూ సరిచేసి, మళ్లీ మొదలెట్టండి.”

దుర్గారావు స్టూలు మీంచి లేచాడు. విసుగొచ్చింది. “నాలుగింటికి సారుకి ఫోన్ సెయ్యాల బావా. ఆ బేరం తర్వాత సూసుకో. అది సరేగాని, నీకూ ఇంటర్నెట్టున్నాది గదా. నీ నంబరెంత? ఈ నంబరుకి దగ్గర్లో ఉంటే, ఆ మనిషి ఈ ఈదిలోనే ఉన్నాడని తెలుత్తాది.”

అని కాగితం తీసుకుని, కౌంటరు చుట్టూ తిరిగి లోపలికే వచ్చాడు. మోడెమ్ మీద సాయిశంకరే తన చేతివ్రాతతో నంబరు రాసి చీటీ అతికించాడు. కస్టమర్లకి చెప్పడానికి వీలుగా ఉంటుందని. దుర్గారావు బూటుకీ దానికీ మధ్య జానెడు దూరం. సాయిశంకర్ కాలు జరిపి మోడెమ్‌కి అడ్డం పెట్టాడు.

“ఆకుపచ్చైంది!” చెల్లెలి గొంతు చెవిలో పగిలింది.

“పంపండి మేడం.”

“ఎక్కుతన్నాది... సగమైంది...”

“బావా, టీ తాగుతావా?”

“టీ వొద్దు. నీ కాలు తియ్యి.”

దుర్గారావు చీటీ చూశాడు. చేతిలో కాగితం చూశాడు. మళ్లీ చీటీ చూశాడు. అంకెలు చదవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అతని పెదాలు ఒక్కో అంకె దగ్గరా ఆగుతూ కదిలాయి.

“ఎల్లిపోయిందన్నియ్యా,” అంది సత్యశ్రీ.

సాయిశంకర్ సెల్లు ఆపి జేబులో వేసుకున్నాడు. దాచినా టెలిఫోను వాళ్లు రేపైనా చెప్పేస్తారు. దాచి దొరికితే చెల్లెలి దాకా దారి వేసినట్టే.

“నంబరు నాదే బావా.”

“నాకు కళ్లున్నాయి.”

“మనిషిని నాను కాను. ఇలా రా, సూపిత్తాను.”

మూల ఉన్న కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. ఆ నెట్‌వర్క్‌లో చేతులు అందించేవాళ్ల పేర్లన్నీ దాంట్లో బాహాటంగా ఉన్నాయి, ప్రపంచంలో ఎవరైనా చూసుకోవచ్చు. జర్మనీ, స్వీడను, అమెరికా. వాటి మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో జోగమ్మ, పక్కన ఆ నంబరు. దుర్గారావు వేలు ఆ పేరు దగ్గర ఆగింది.

“మా అమ్మమ్మ పేరెట్టినావేటి దీనికి?”

“ఆ ముసల్ది గుమ్మం కాడికొచ్చినోడికల్లా అంబలి పోసీది. ఎవులోడివి, ఏ ఊరని ఒక్కడినైనా అడిగిందేటి బావా? ఇదీ అంతే. ఏ దేశపోడైనా ఇట్నించి వొచ్చి అట్నించి పోతాడు. పేర్లు రాసుకోదు. ఆ మెయిలు ఇట్నించే పోయుంటాది. ఎవులు పంపినారో దీనికి తెలీదు.”

దుర్గారావు వేలు ఆ పేరు మీంచి తీయలేదు. తండ్రి సముద్రం మీదికి వేటకెళ్లి తిరిగిరాని ఏడాది అతను ఆ అంబలి మీదే బతికాడు. తలెత్తి, సాయిశంకర్ కళ్లలోకి సూటిగా చూశాడు.

“దీనికి తెలీదు సరే. నీకూ తెలీదా?”

“తెలీదు బావా.”

ఇంత పచ్చి అబద్ధం సాయిశంకర్ ఎప్పుడూ ఆడలేదు. అది అబద్ధమని అవతలివాడికి తెలిసిందో లేదో కూడా అతనికి అంతుబట్టలేదు.

దుర్గారావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇదే సెప్తాను సారుకి. నంబరు మా బావదే, మనిషెవులో ఆడికి తెలీదంట అని. నమ్మితే నమ్ముతారు. లేకపోతే పోలీసుల్ని ఎంటబెట్టుకుని ఇయ్యాలే ఒత్తారు. ఆళ్లెంట నానూ ఒత్తాను, నా ఉద్యోగమది. ఈ పెట్టెలన్నీ మోసుకుపోతారు.” గుమ్మం దాటబోతూ ఆగాడు. “ఆపీ బావా దీన్ని. ఆళ్లొచ్చీలోపు ఆపీసి, తుడిసీ.”

బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. సాయిశంకర్ చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది. భయం అంటే భయమే, దానికి వేరే పేరు పెట్టనక్కర్లేదు. ఆపడం ఒక్క నిమిషం పని.

ఆపితే? వచ్చినవాళ్లకి ఆరిపోయిన పెట్టె, తుడిచేసిన డిస్కు కనబడతాయి. ఆ గుమ్మంలోంచి పోయింది ఒకే ఒక్క మెయిలని, దాన్ని పంపింది ఇంటి మనిషేనని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అది నడుస్తున్నంతసేపే సత్యశ్రీ వేలమందిలో ఒకతి. తనకి ముక్కూమొహం తెలియని ఆ వేలమందే ఇవాళ ఆ పిల్లకి నీడ. సొంత మేనత్త కొడుకు కాగితం పట్టుకుని వచ్చాడు, పేరు తెలియని పరాయివాడెవడో తాడు కొస పట్టుకుని చెల్లెల్ని ఒడ్డుకి లాగాడు. రేవులో ఈ మాట చెబితే తండ్రి నమ్మడు.

స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు. ఎండకి సగం దించి ఉన్న షట్టరు పూర్తిగా ఎత్తాడు. మోడెమ్ మీద దీపం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. అతను స్టూలు తెచ్చి గుమ్మానికి పక్కగా వేసుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలాక వీధి చివర పోలీసు జీపు మలుపు తిరిగింది. రానీ. జోగమ్మ గుమ్మం ఎవరికీ మూసింది కాదు.