ఒక వైపు ఒకే పాట

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నేను చూడని నిమిషంలో నా బిడ్డ ఊపిరి ఆగిపోతుందని.

పాపకు అప్పుడు నాలుగో నెల. ఏ లోపమూ లేదని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది, మూడోసారి కాస్త గట్టిగానే. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. అసలు సంగతి ఆవిడ చెప్పే ఉంటుంది, నాకే అర్థమయ్యుండదు అనుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. పాప పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా గాలి తగిలితే వంటగదిలోకి వెళ్లేదాన్ని. గిన్నె చేతిలోకి తీసుకునేలోపే మళ్లీ పరుగు.

"నువ్వట్లా వేలు పెట్టి పెట్టి దాన్ని నిద్ర లేపుతున్నావు," అనేవారు మా ఆయన. ఆయనకేం, పొద్దున ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్తే సాయంత్రమే రావడం.

ఆ రోజుల్లోనే మా ఆడబిడ్డ మూడు చెక్కపెట్టెలూ, ఒక రికార్డు ప్లేయరూ తెచ్చి మా ముందుగదిలో దించింది. వదిన సిటీ బస్సు నడుపుతుంది. ఇరవై ఏళ్లుగా హిప్ హాప్ సింగిల్స్ పోగుచేస్తోంది. ఎక్కువగా ఒకటి రెండు పాటలే ఉండే వినైల్ రికార్డులన్నమాట.

"గోడలు అదురుతున్నాయని మా ఇంటి ఓనరు గోల. కొన్నాళ్లు నీ దగ్గరుంచు. వింటే విను. నల్లటి భాగం మీద వేలు పడిందో, వదిననన్న సంగతి మర్చిపోతా!"

"నాకేం తెలుసు వదినా ఇవన్నీ?"

"తెలియడానికేముందే? సూది పెట్టు, ఊగు."

మర్నాడు ఒకటి పెట్టాను. ఎవరో ఆయన ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు, వెనకాల డ్రమ్ము. సగం మాటలు తెలియలేదు గానీ కోపంగా మొదలుపెట్టి నవ్వుతూ ముగించాడని తెలిసింది. నాలుగు నిమిషాలకు పాటైపోయి సూది చివరి గాడిలో చిక్, చిక్ అంటూ తిరిగింది. తిరగేయడానికి లేచాను. లేచినదాన్ని పాపను చూశాను. ఊపిరి ఆడుతోంది. రెండో వైపు పెట్టాను. మళ్లీ నాలుగు నిమిషాలు, మళ్లీ చిక్, చిక్, మళ్లీ పాప.

ఆ పొద్దుటే గిన్నెలన్నీ తోమేశాను. నాలుగు నిమిషాలపాటు నేను భయపడనక్కర్లేదు, టైమైతే రికార్డే పిలుస్తుంది!

అన్నీ అలా పిలిచేవి కావు. కొన్నిటికి ఒక్కో వైపు మూడేసి పాటలు. మూడో పాట మొదలవకుండానే లేచి పాప దగ్గరికి పరిగెత్తేదాన్ని. వాటిని పక్కన పెట్టేశాను. మిగిలినవాటినే తిప్పి తిప్పి వేస్తుంటే వదిన వచ్చి నెత్తి పట్టుకుంది.

"గాడులు అరిగిపోతాయే! పోయి నీవి నువ్వు తెచ్చుకో."

పాపనెత్తుకుని రెండు వీధుల అవతల పాత రికార్డుల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన్ని అందరూ తుడుపు బాబాయ్ అంటారు. భుజం మీద మెత్తటి గుడ్డ, ఏది చేతికొచ్చినా తుడిచిగానీ ఇవ్వడు. ఒకసారి పరధ్యానంలో పాప చెంప కూడా తుడిచాడు.

"ఎవరి పాటలు కావాలమ్మా?"

"ఎవరివైనా ఫర్లేదు బాబాయ్ గారూ. ఒక వైపు ఒకే పాటుండాలి. నాలుగు నిమిషాలు దాటకూడదు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, అద్దాల బీరువాలోంచి ఒకటి తీశాడు. "దీనికోసం జనం కొట్టుకుంటారు."

లేబుల్ చూశాను. "ఆరున్నర. వద్దండీ."

"వద్దా?" ఆయన దాన్ని మరోసారి తుడిచాడు.

నేనే అట్టడుగు పెట్టెలోంచి తెల్ల లేబుల్‌ది ఒకటి లాగాను. పెన్నుతో రాసి ఉంది, మూడు నిమిషాల యాభై సెకన్లని. "ఇదివ్వండి."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "ఎవరో నలుగురు స్నేహితులు సొంతంగా రెండొందల కాపీలు అచ్చేయించుకున్న రికార్డిది. నీకెలా తెలుసు?"

"దానిమీద రాసుంది కదండీ!"

నెల తిరిగేసరికి కొట్లో నా పేరు మోగిపోయింది. పేరున్నవాటిని తిప్పికొట్టి, ఎవరికీ తెలియని అండర్‌గ్రౌండ్ సింగిల్స్ ఏరుకుంటుందట ఆ పాపనెత్తుకొచ్చే అమ్మాయి! పెద్ద శరీరం వల్ల పహిల్వాన్ అని పిలిచే ఒకన్న నా వెనకే తిరిగేవాడు.

"ఇది ఎట్లా వినాలి చెల్లెమ్మా?"

"నేనైతే గిన్నెలు తోముతూ విన్నానన్నా."

అదేదో గొప్ప రహస్యమన్నట్టు తలూపాడు.

పాపకు తొమ్మిదో నెల వచ్చేసరికి నా దగ్గర డెబ్బై అయ్యాయి. ఆదివారం మధ్యాహ్నాలు కొట్లో ఒక్కొక్కరు తమ రికార్డులు వినిపిస్తారు. ఈసారి నీ వంతన్నాడు బాబాయ్. నావల్ల కాదని చెప్పేలోపు, "వస్తుంది," అని పక్కనున్న వదిన ఒప్పేసుకుంది.

పన్నెండుమంది పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. వదిన పాపతో వెనక గదిలో ఉంది. కొట్లో ప్లేయర్లు రెండు. నేను రికార్డు అందిస్తాను, ఒకటి అయిపోతుండగానే బాబాయ్ రెండోది మొదలుపెడతాడు. నన్ను పిలిచే ఆ చప్పుడే లేదు. మొదటి మూడు పాటలూ వెనక గది తలుపునే చూశాను. నాలుగోదానికి అన్ని తలలూ ఒక్కసారిగా ఊగడం మొదలుపెట్టాయి. తెల్ల లేబుల్‌ది వేయగానే ఎవరో కేక పెట్టారు. నేనూ పెట్టాను! పదకొండో రికార్డు అట్ట చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. ఏడు పాటలయ్యాయి, నేను తలుపు వైపు చూడలేదు.

అట్ట అక్కడే పడేసి పరిగెత్తాను.

వదిన కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతోంది. ఒళ్లో పాప మేలుకుని, ఖాళీ అట్ట మూల చప్పరిస్తూ, తాళానికి ఏమాత్రం సంబంధం లేకుండా కాళ్లు కొడుతోంది. నన్ను చూసి, పెద్ద విశేషమేమీ కాదన్నట్టు మళ్లీ అట్ట పనిలో పడింది.

నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, పాపనెత్తుకుని వచ్చి ఉన్నదంతా చెప్పేశాను. పాటల గురించి నాకేమీ తెలియదనీ, మధ్యమధ్య పాప ఊపిరి చూసుకోవాలని నిమిషాలు లెక్కేసి కొన్నాననీ.

బాబాయ్ గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే ఆ ఆరున్నర..."

"బాగానే ఉండుంటుంది బాబాయ్ గారూ. నాకే అంత ధైర్యం లేదు."

కొట్టు కప్పెగిరిపోయేలా నవ్వారు. బాబాయ్ అది తీసి వెంటనే పెట్టాడు. పూర్తిగా విన్నాను, కాలు కదపకుండా.

నవ్వనిది పహిల్వాన్ ఒక్కడే. ఇంట్లో మూడు వారాల కవలలు ఆయనకు.

"మా ఆవిడ కూడా అంతే చెల్లెమ్మా. చీటికీ మాటికీ లేస్తుంది. నేనేమో విసుక్కుంటున్నా."

"ఎప్పుడొచ్చావన్నా?"

"పదకొండింటికి."

"నాలుగయింది."

లేచి వెళ్లిపోయాడు. "నీ రికార్డులు!" అని బాబాయ్ అరిస్తే, "ఉండనీ!" అని వీధి చివర్నుంచి వినిపించింది.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక సాయం చేయండి. మీ ఇంట్లోనో, పక్క వాటాలోనో కొత్తగా తల్లయిన అమ్మాయి ఉండే ఉంటుంది. బిడ్డను అందరూ చూస్తారు, మీరు వెళ్లి ఆమెను చూడండి. తిన్నదో లేదో, నిద్రపోయిందో లేదో అడగండి. బాగానే ఉన్నానంటే నమ్మేసి వెంటనే వచ్చేయకండి. కాసేపు కూర్చోండి.