ఒలిచిన గుడ్లు

“రెండుసార్లు బయటికి పోతెనే మంచం పడుతరా? మేం గిట్లనే పండుకుంటే ఇండ్లు నడిచేటియా?”

సోమవారం పొద్దున అత్త ఐలవ్వ అన్న మాట ఇది. శోభ అప్పుడు గోడ పట్టుకుని నిలబడి ఉంది. కడుపులో నీళ్ళు కూడా ఆగడం లేదు. అయినా ఫస్ట్ షిఫ్టుకు పోయే భర్త భూపాల్‌కు టిఫిన్ కట్టింది. తర్వాత బడి పెద్దసారుకు ఫోన్ చేసి, వాంతులవుతున్నాయి, ఈ ఒక్కరోజు మధ్యాహ్న భోజనం వండలేనని చెప్పింది. “నీ బదులు మనిషిని నువ్వే పంపాలె కదమ్మా,” అన్నాడాయన. అత్తను అడిగితే, “ఊరోళ్ళ పిల్లలకు వండనీకి నేను పోవాల్నా?” అని మొహం తిప్పుకుంది. ఇంకెవర్ని పంపుతుంది? తానే పోయింది.

ఆ రోజు గుడ్డు పెట్టే రోజు. పిల్లలు పెంకులు ఆవరణంతా పారేస్తున్నారని, వాళ్ళకు ఒలిచే ఇవ్వాలని పెద్దసారు ఎప్పుడో చెప్పాడు. తోటి వంటామె సారక్క అన్నం, పప్పుచారు చూసుకుంటే, ఉడికిన గుడ్లన్నీ శోభే ఒలిచింది. మధ్యమధ్యలో దొడ్డివైపు పరుగెత్తింది. వచ్చి చేతుల మీద చెంబెడు నీళ్ళు పోసుకుని మళ్ళీ గుడ్ల ముందు కూలబడింది. సబ్బు కోసం లేచే ఓపిక కూడా లేదు.

మర్నాడు సాయంత్రానికి పిల్లలు ఒకరి వెనుక ఒకరు వాంతులు చేసుకున్నారు. దవాఖానలో ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరు. ఆ రాత్రి భూపాల్ అన్నం ముందు కూర్చుని, “ఎవలడిగినా నీకేం గాలేదనే చెప్పు. నా ఇజ్జత్ తియ్యకు,” అన్నాడు. అది కూడా ఆమె వండిన అన్నమే.

బుధవారం డాక్టరమ్మ ఎవాంజెలిన్ విచారణకు వచ్చింది. వంటగది ముందు తల్లిదండ్రులు గుమిగూడారు.

“గీ ముసల్దే పాశిపోయిన పప్పు పోసింది. దీన్ని వెళ్ళగొట్టుండ్రి!” అని ఒక తండ్రి సారక్క మీదికి వచ్చాడు.

“నేను గూడ అదే తిన్న బిడ్డా. నాకేం గాలే,” అంది సారక్క. శోభ పరుగులన్నీ ఆమె చూసింది. అయినా శోభ వైపు కన్నెత్తలేదు.

“పప్పు కాదు,” అంది డాక్టరమ్మ. “ఇది వైరస్ లెక్కున్నది. వాంతులైన మనిషి చెయ్యి తగిలిన తిండితోని అంటుకుంటది. తగ్గినంక గూడ రెండు దినాలు వంటకు రావద్దు. సోమవారం ఇక్కడ ఎవలకన్న కడుపు ఖరాబైందా?”

శోభ ఊరుకుంటే సారక్క పని పోతుంది. ఇంకాసేపటికి తాను మళ్ళీ ఇవే చేతులతో పిల్లలకు వడ్డిస్తుంది. శోభ ముందుకొచ్చింది.

“నాకే మేడం. గుడ్లు నేనే ఒలిచిన.”

“అరె, ముందుగాల చెప్పొద్దా అమ్మా!” అన్నాడు పెద్దసారు.

“చెప్పిన సార్. మీకే చెప్పిన. ఇంట్ల గూడ చెప్పిన.”

ఒక తల్లి ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు తనకు చెందినవేనని శోభ తల వంచుకుంది. డాక్టరమ్మ దగ్గరికొచ్చి అడిగింది, “నీకిప్పుడెట్లున్నదమ్మా?”

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మనిషి లేడు. ‘మంచిగనే ఉన్న’ అని నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళైన నాటి నుంచి ఎవరికైనా చెప్పిన జవాబు అదే.

“బాగలేదు మేడం,” అని శోభ అక్కడే నేల మీద పడుకుంది.